రందిని కొలిచే గడియారం

మణికట్టుకు కట్టుకుంటే చాలట, మీ ఒత్తిడి ఎంతో గడియారమే చెబుతుందట. సున్నా నుంచి నూరు దాకా మార్కులు! ఇన్నాళ్లూ పాలమూరోళ్ల రంది ఎంతో తెలియకనే కదా సర్కార్లన్నీ ఊరుకున్నది?

లోపలున్నది ఒక పచ్చ లైటు. గుండె దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎంత మారుతోందో నెత్తురు పారే తీరును బట్టి లెక్క కడుతుంది. మార్పు తగ్గిందా, ఒత్తిడే! జ్వరమొస్తే? చాయ్ ఎక్కువైతే? బిడ్డ పెళ్లి కుదిరిందని గుండె ఎగిరితే? దానికి ఏది ఏదో తెలియదు.

నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం దాదాపు 800 మందికి మూడు నెలలపాటు గార్మిన్ కంపెనీ బ్యాండ్లు కట్టింది. మనసెలా ఉందని వాళ్లనూ అడుగుతూ వచ్చింది. 2025లో తేల్చిందేమిటి? మనిషి చెప్పిన ఒత్తిడికీ బ్యాండు చూపిన ఒత్తిడికీ పొంతన దాదాపు సున్నా. నిద్ర గంటల లెక్క మాత్రం కాస్త నయం.

సరే, గద్వాల సీడు పత్తి రైతుకు కట్టండి. సాయంత్రం మొగ్గ ఒలిచి, పొద్దున మగపువ్వు రుద్దే చెయ్యి అది. ఆగదు. మనిషి మరీ కదిలితే ఒత్తిడి లెక్క రాదని తయారీదారులే చెబుతారు. అంటే కష్టం చేసేటోడికి ఒత్తిడి లేనట్టే! భలే శాస్త్రం. ఆయన రంది ఏమిటో ఊళ్లో పిల్లగాడిని అడిగినా చెబుతాడు. విత్తన కంపెనీ తరఫు ఆర్గనైజర్ దగ్గర తెచ్చిన పైసలకు మిత్తి. విత్తనం అప్పజెప్పి నెలలైనా రాని జీవోటీ (విత్తన స్వచ్ఛత పరీక్ష) ఫలితం. తీరా వచ్చాక 'ఫెయిల్' అనే ఒక్క మాట. ఆ పరీక్ష ఎక్కడ చేశారు? రైతు చూశాడా? కంపెనీ లెక్కల మీద ఎవరైనా పచ్చ లైటు వేశారా?

నాగర్‌కర్నూల్ ఉపాధి కూలీకి కొలతలు కొత్త కాదు. 2023 జనవరి నుంచి యాప్‌లో రోజుకు రెండు ఫోటోలు పడితేనే హాజరన్నారు. నల్లమల అంచున సిగ్నల్ ఏ చెట్టుకు కాస్తుంది? కూలి పదిహేను రోజుల్లో ఇవ్వాలన్నది చట్టం. ఆ గడువు దాటితే వణికే బ్యాండు ఎవరి చేతికుంది?

ఇక వనపర్తి. కొనుగోలు కేంద్రంలో వడ్లు కుప్పపోసి, మబ్బు చూస్తూ కూర్చున్నాడు రైతు. కదలడం లేదు. కొలవండి! గడియారం గజగజ వణికి, ఊపిరి గట్టిగా పీల్చుకోమంటుంది. తరుగెందుకు తీశావని మిల్లరును మాత్రం అడగదు. ఊపిరి సరే సారూ, చినుకు పడుతోంది. టార్పాలిన్ ఏదీ?