ఆదా పద్దు

ప్రతి వీధిలోనూ ఒక బాబాయి ఉంటాడు. మిక్సీ పాడైతే షాపుకి పంపనివ్వడు. కుళాయి కారితే ప్లంబరుని గుమ్మం తొక్కనివ్వడు. "వాడికిచ్చే డబ్బులతో పనిముట్టే కొనుక్కోవచ్చు కదరా" అన్నది ఆయన అర్థశాస్త్రం. కుళాయి దగ్గర ఆగిపోయిన బాబాయిల్ని చాలామందిని చూశాను గానీ, వెల్డింగు మిషన్ దాకా వెళ్ళింది మాత్రం మా బాబాయొక్కడే.

మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో, తయారీ ఆగింది 2014 జనవరిలో. కంపెనీ చెయ్యడం మానేసింది గానీ బాబాయి నడపడం మానలేదు. ఆయనది 1998 బండి. పాతికేళ్ళ బెజవాడ వానలకి పక్క సీటు కింద రేకు తుప్పు పట్టి రాలిపోయింది. ఆ చిల్లులోంచి బందరు రోడ్డు స్పష్టంగా కనిపించేది. వానాకాలంలో పిన్ని సీటు మీద బాసింపట్టు వేసుకుని, పీటల మీద పెళ్ళికూతురిలా కూర్చుని ప్రయాణం చేసేది.

షెడ్డులో రేకు మార్చడానికి నాలుగు వేలడిగారు. బాబాయి కరెంటాఫీసులో, అకౌంట్సు సెక్షన్లో, ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఇంటికొచ్చి పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన 'ఆదా' అని రాసి గీత కొట్టాడు. మొదటి పద్దు: షెడ్డుకి ఇవ్వనిది, 4,000.

మిషన్ ఎంచుకోవడానికి మూడు నెలలు పట్టింది. వాళ్ళమ్మాయికి సంబంధం మూడు వారాల్లో కుదిర్చేశాడు మరి. ఆ మూడు నెలలూ ఆయన పక్కన బంతిలో కూర్చున్న వాడు సాంబారు చల్లారబెట్టుకోవాల్సిందే. "ముఖ్యంగా మూడు రకాలురా. రాడ్డుతో కాల్చేది ఆర్కు. చక్రం నుంచి తీగ దానంతటదే వస్తూ, పక్కన సిలిండరు గ్యాసు ఊదుతూ ఉంటే అది సీఓటూ. తీగ లోపలే మందు కూరితే గ్యాసు అక్కర్లేదు, అది మూడోది." ఇంతవరకూ అంతా నిజమే. తేడా వచ్చింది ఆ తర్వాత. పెళ్ళికొడుకు జీతమెంతని అడిగి నిలకడ ఎలాంటిదని అడగని మామగారిలా, ఏ మిషన్ని చూసినా ఎన్ని ఆంపియర్లని మాత్రమే అడిగేవాడు. ఎంత పెద్ద అంకె ఉంటే అంత గిట్టుబాటని ఆయన లెక్క.

ఆటోనగర్‌కి నన్ను తోడు తీసుకెళ్ళాడు. కొట్టాయన అడిగిన మొదటి ప్రశ్నే సరైన ప్రశ్న.

"ఏం పనికండీ?"

"కారుకి."

"కారైతే ఆర్కు వద్దు సార్. రేకు చిల్లులు పడిపోద్ది. చిన్న సీఓటూ తీసుకోండి."

బాబాయి నన్ను పక్కకి లాగి గొంతు తగ్గించాడు. "చూశావా, ఎక్కువ ఖరీదుది అంటగడుతున్నాడు." తిరిగొచ్చి 200 ఆంపియర్ల ఆర్కు మిషన్ ఆరువేల అయిదొందలకి బేరం చేశాడు. అక్కడున్న కుర్రాడు పాపం ఇంకో మాట కూడా చెప్పాడు, డ్యూటీ సైకిల్ చూసుకోమని. 60 శాతమంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే కాలుస్తుంది, నాలుగు నిమిషాలు చల్లారాలి. "అరవై శాతమా! మా సెక్షన్లో ఇరవై ఉంటే ప్రమోషన్ ఇచ్చేవాళ్ళురా" అని బాబాయి సంతోషంగా డబ్బు కట్టేశాడు.

ఆదివారం పొద్దున్నే నాబ్ పూర్తిగా తిప్పి రాడ్డు ఆనించాడు. ఇల్లంతా చీకటి. 200 ఆంపియర్ల దగ్గర ఆ రాడ్డు కొసనే అయిదున్నర కిలోవాట్లకి పైన కావాలి. ఇంట్లో 16 ఆంపియర్ల ప్లగ్గు నాలుగు కిలోవాట్లు కూడా ఇవ్వదు. ఎంసీబీ పడిపోయింది, ఫ్రిజ్జు ఆగింది, పిన్ని వచ్చింది.

"కరెంటు గురించి నాకు చెబుతావా? ముప్పయ్యేళ్ళు చేశాను."

"మీరు చేసింది అకౌంట్సండీ."

నాబ్ తగ్గించాక కరెంటు నిలబడింది గానీ రేకు నిలబడలేదు. మిల్లీమీటరు మందం కూడా లేని రేకు మీద రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డు పెడితే, విస్తరి కుట్టడానికి గునపం పట్టినట్టే. అసలే గ్రైండరు పెట్టి తళతళలాడేదాకా తుప్పు గీకేసరికి రూపాయి బిళ్ళంత చిల్లు ఇడ్లీ ప్లేటంత అయింది. తుప్పు కింద ఇనుముందని అనుకుంటాం గానీ చాలాసార్లు ఇంకా తుప్పే ఉంటుంది. ఆర్కు పెట్టాక ఆ ఇడ్లీ ప్లేటు కాస్తా భోజనం పళ్ళెమైంది.

ఆ రాత్రే ఇంకో ఘనకార్యం. "ఒక్క చుక్కే కదా" అని హెల్మెట్ లేకుండా కాల్చాడు. రెండింటికి లేచి, కళ్ళలో ఎవరో ఇసుక పోశారని కేకలు. పిన్ని చేత బంగాళాదుంప చక్రాలు తరిగించుకుని కళ్ళమీద పెట్టుకుని, తెల్లారాక డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఫీజు ఆరొందలు. అది కూడా ఆదా పేజీలోనే ఎక్కింది.

నెల తిరక్కుండా రెండో మిషన్ వచ్చింది, పద్నాలుగు వేలు. తీగ మిషనే గానీ సిలిండరు మాత్రం లేదు. "గ్యాసుకి డిపాజిట్టు దండగ" అని మందు కూరిన తీగ తెచ్చాడు. పల్చటి రేకుకి గ్యాసే సుతారమని కొట్టాయన మళ్ళీ చెప్పాడట. మళ్ళీ వినలేదు. మొదటిరోజు తాలింపులో ఆవాల్లా చిటపటలు, చొక్కా నిండా చిల్లులు. కుర్రాడికి ఫోన్ చేశాడు.

"ఈ తీగకి టార్చి మైనస్‌కి పెట్టాలి సార్. మూత తీసి మార్చారా?"

"అది నాకు తెలుసులే" అని ఫోన్ పెట్టేసి, గబగబా మూత తీసి మార్చాడు.

"ఇంకో మాట సార్" అని కుర్రాడే మళ్ళీ చేశాడు. "గీతలా లాగకండి, వేడికి రేకు మెలి తిరిగిపోద్ది. వడియాలు పెట్టినట్టు పెట్టండి. ఇక్కడొకటి, అక్కడొకటి. ఆరాక మధ్యలో ఇంకోటి."

ఇది విన్న పిన్ని నీళ్ళ బకెట్టు కింద పెట్టి కారు దగ్గరికొచ్చింది. బాబాయి పెట్టింది చూసి, "పక్కపక్కనే పెడితే అతుక్కుపోతాయండీ, ఎడంగా పెట్టండి" అంది. నలభయ్యేళ్ళుగా డాబా మీద చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతున్న చెయ్యి ఆవిడది. ఆవిడ వేలితో చూపిస్తూ ఉంటే ఈయన చుక్క పెడుతూ పోయాడు. సాయంత్రానికి రేకు అంటుకుంది. గట్టిగా తన్ని చూశాం, కదల్లేదు. చూడ్డానికి మాత్రం వడియాలే.

"మొత్తం ఎంతయింది బాబాయ్?"

పుస్తకం తీశాడు. రెండు మిషన్లు, హెల్మెట్, గ్లవుజులు, గ్రైండరు, తీగ, కళ్ళ డాక్టరు. "ఈ ఏడు ఇరవయ్యారు వేల ఏడొందల యాభై ఆదా చేశాంరా" అన్నాడు నిబ్బరంగా. షెడ్డు నాలుగు వేలు వేరే.

దసరాకి ఊరెళుతూ నన్ను కూడా ఎక్కించుకున్నారు. ముందు సీటు కింద కార్పెట్టు లేదు. వచ్చినవాళ్ళకి పని కనబడాలని బాబాయి తీసేశాడట. పిన్ని ఎక్కి, చెప్పులు వదిలి, అలవాటుగా కాళ్ళు పైకి మడుచుకుంది.

"చిల్లు పూడింది కదా పిన్నీ, కాళ్ళు కింద పెట్టుకోవచ్చుగా?"

"పెట్టనిస్తేగా! తొక్కితే మెరుపు పోతుందట."