అమ్మ పద్దు

తెనాలిలో బస్సెక్కాలంటే అమ్మ ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేసేది. పెళ్లిళ్లకి వెళ్తే పందిరి చూడకముందే బాత్రూం ఎటుందో చూసుకునేది. రోజుకి 14 సార్లు, అందులో రాత్రిపూట 5. అక్కడిదాకా చేరేలోపే చీర తడిసేది. మాత్రలు వాడితే నోరెండిపోవడం తప్ప ఫలితం లేదు. పదేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేదు. నాకు తెలిసింది నిరుడే. మన ఇళ్లలో ఆడవాళ్లు దీన్ని జబ్బనుకోరు, వయసనుకుంటారు. అడగని మనది తప్పు.

హైదరాబాద్ తీసుకొచ్చి చూపిస్తే, డాక్టరు నరానికి కరెంటు ఇచ్చే వైద్యం గురించి చెప్పాడు. నడుము కింద త్రికాస్థిలోంచి వచ్చే మూడో నరం పక్కన సన్నటి తీగ పెడతారు. మూత్రసంచికీ మెదడుకీ మధ్య గతి తప్పిన కబుర్లు ఆ చిన్న చిన్న తాకిళ్లతో దారిలో పడతాయి. అమెరికాలో 1997 నుంచి అనుమతి ఉన్న వైద్యమే. నాకు నచ్చిందేమిటంటే, ముందు పరీక్ష ఉంటుంది. తీగ మాత్రం లోపల, యంత్రం బయట నడుముకి. వారంపాటు రోగే లెక్క రాయాలి. బాధ కనీసం సగం తగ్గితేనే యంత్రాన్ని లోపల అమరుస్తారు.

లెక్క అనగానే నాకు ధైర్యం వచ్చింది. నాన్న పోయాక 20 ఏళ్లు కిరాణా కొట్టు పద్దు రాసిన చెయ్యి అది. పావలా తేడా వస్తే అమ్మకి ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. రూళ్ల నోటుపుస్తకం, పదేసి ఉన్న డైపర్ల ప్యాకెట్లు మూడు కొనిచ్చాను.

మొదటిరోజు: 7 సార్లు, డైపర్లు 2. రెండోరోజు: 6 సార్లు, డైపరు 1.

ఆ సాయంత్రమే ఆస్పత్రివాళ్లు ఎస్టిమేట్ ఇచ్చారు. ఇంటికొచ్చి మా ఆవిడకి ఆ అంకె పైకి చదివి వినిపించాను. నాకు రెండేళ్లలో మిగిలే డబ్బు. ఛార్జింగ్ లేని రకమైతే కొన్నేళ్లకి బ్యాటరీ అయిపోతుందట, మళ్లీ కోసి మార్చాలట అని కూడా అన్నాను. అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, "పిల్లదాని ఇంజనీరింగ్ ఫీజు ఎప్పుడు కట్టాలి నాన్నా?" అని అడిగింది.

మూడోరోజు: 12 సార్లు, డైపర్లు 4. నాలుగోరోజు: 13, 4. ఏడోరోజు దాకా అదే వరస. తీగ జరిగిందేమోనని డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఉన్నచోటే ఉంది. కరెంటు మోతాదు మార్చి చూశాడు. చివరికి పుస్తకం మూసి, "కొందరికి పనిచేయదు అమ్మగారూ. మీకేమనిపిస్తోంది?" అన్నాడు.

"మీరు చాలా కష్టపడ్డారు బాబూ" అంది అమ్మ.

తీగ తీసేశారు. మర్నాటి తెనాలి బస్సుకి ఆ సాయంత్రం నుంచే నీళ్లు మానేసింది.

కార్తీకంలో దుప్పట్లు తీద్దామని అమ్మ పడుకున్న గదిలో అలమర తెరిచాను. అడుగున, పాత చీరలో చుట్టిన మూట. రెండు ప్యాకెట్లకి సీలు కూడా విప్పలేదు. మూడోదాంట్లోవి లెక్కపెట్టాను.

ఏడున్నాయి.