మైనస్ మార్కులు లేని పరీక్ష

2022లోనూ 2023లోనూ రాష్ట్రం మొత్తానికి ఈఏపీసెట్ జరిపించే పెద్దరికం అనంతపురం జేఎన్టీయూకు దక్కింది. జిల్లాకు గర్వకారణమే. పరీక్ష పెట్టింది మన ఊరే గదా, మన పిల్లోళ్లు ఇంట్లోనే కూచొని చదువుకుంటారనుకుంటే పొరపాటు. ట్రంకుపెట్టె, బకెట్టు, ఊరగాయ డబ్బా సర్దుకొని విజయవాడ బస్సెక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. పరీక్ష సొంతూరిదైనా ప్రాక్టీసు పరాయి ఊర్లో చేస్తేనే ర్యాంకొస్తుందని కొత్త శాస్త్రం.

అక్కడి కార్పొరేట్ కాలేజీల్లో చదువు ఉండదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. చదివేదానికి తీరిక ఉండదు, అంతే. వారం తిరిగితే వీకెండ్ టెస్టు, దానిమీద క్యుములేటివ్ టెస్టు, పబ్లిక్ పరీక్షలు కాగానే గ్రాండ్ టెస్టులు. తప్పిపోయిన బిట్లకు ఎర్రర్ లిస్టు. ఆ లిస్టు నేర్చుకున్నాడో లేదో తెలియాలంటే మళ్లీ ఒక టెస్టు. ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు 67 సెకన్లు. ఆపిల్ ఎందుకు కిందపడిందని న్యూటన్ ఆలోచించినంత సేపు మనోడు ఆలోచిస్తే నలభై బిట్లు చేజారిపోతాయి. అందుకే ఆలోచించే చెడ్డ అలవాటును ఫస్టియర్‌లోనే మాన్పిస్తారు.

బొత్తిగా తెలియకపోతే? ఈఏపీసెట్‌లో మైనస్ మార్కులు లేవు. కండ్లు మూసుకొని 'సి' పెట్టడమే. నాలుగు ఆప్షన్లలో అన్నిటికీ ఒకటే పెట్టుకుంటూ పోతే ఇంచుమించు పావు వంతు తగులుతాయి. సంభావ్యత పాఠాన్ని పిల్లోళ్లు మనస్ఫూర్తిగా వాడుకునే చోటు ఇదొక్కటే.

అనంతపురం ఆర్ట్స్ కాలేజీ 1916 నాటిది. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం అక్కడ పాఠాలు చెప్పినారు. అక్కడే చదువుతున్న నీలం సంజీవరెడ్డి 1931లో పుస్తకాలు పక్కన పెట్టి స్వాతంత్ర్యోద్యమంలో దూకినారు. ఇద్దరూ రాష్ట్రపతులైనారు. ఇప్పటి పద్ధతి అప్పుడే ఉండుంటే, మీ వాడు వీకెండ్ టెస్టుకు రాలేదని సంజీవరెడ్డి ఇంటికి పొద్దుగూకక ముందే మెసేజ్ పోయేది. రాధాకృష్ణన్ గారినైతే, తత్వశాస్త్రంలో ఎన్ని బిట్లొస్తాయి సార్ అని అడిగి, టీఏ, డీఏ లేకుండా ఇంటికి పంపేవాళ్లు.

ఆదివారం రాత్రి హాస్టల్ ఫోన్లో వినబడే మాటలు ఇవి.

"ఏమప్పా, ఈ తూరి ఎన్నొచ్చినాయి?"

"నూటపది నాయనా."

"పోయిన తూరి నూటపన్నెండు గదా?"

పోయినేడు మీద ఈ ఏడు చేన్లో ఎన్ని మూటలు తగ్గినాయని ఆ తండ్రిని ఎవరూ ఇట్లా నిలదీయరు. తగ్గినాయని ఊరందరికీ తెలుసు కాబట్టి.

ఆయన్ను చూసి నవ్వేముందు ఆయన రాసే పరీక్ష కూడా చూడాలి. ఏడాదికి అటూ ఇటుగా 550 మిల్లీమీటర్ల వాన, అదే సిలబస్. పరీక్ష తేదీ ఆకాశానికే తెలుసు. పదును చూసుకొని చెనిక్కాయ విత్తినాక, సరిగ్గా ఊడలు దిగే పొద్దుకు వాన మొగం చాటేస్తే విత్తనం, ఎరువు, కూలి, అప్పు మీద వడ్డీ అన్నీ మైనస్సే. 'సి' పెడదామంటే ఆప్షన్లే ఉండవు. మాక్ టెస్టు లేదు. కీ విడుదల చేయరు. అభ్యంతరాలు తీసుకోరు. ఏటేటా ఇట్లాంటి పరీక్ష రాసిన మనిషికి, తప్పు పెట్టినా ఏమీ పోని పరీక్ష ఒకటుందని ఎవరో చెప్పినారు. పాస్‌బుక్ తాకట్టు పెట్టి కొడుకును చేర్పించినాడు. ఆ మైనస్ మార్కులన్నీ ఫీజు రసీదులోనే ముందుగా కోసేస్తారని మాత్రం చెప్పలేదు.

కాబట్టి ప్రభుత్వానికి ఒక మనవి. కార్పొరేట్ కాలేజీల అనుభవాన్ని సేద్యానికి కూడా వాడాలి. మే నెలలో రైతులకు ఉత్తుత్తి వానతో ఒక గ్రాండ్ టెస్టు పెట్టించాలి. మొలకెత్తని చాళ్లకు ఎర్రర్ లిస్టు రాయించాలి. అన్నిటికంటే ముఖ్యం, వేర్వేరు సెషన్లలో పేపరు తేలిక, కష్టం చూసి మార్కులు సవరించే ఆ నార్మలైజేషన్‌ను వానలకూ వర్తింపజేయాలి. కోనసీమ సెషన్‌లో వాన తేలిగ్గా వచ్చింది. కళ్యాణదుర్గం సెషన్‌లో చాలా కష్టంగా వచ్చింది. లెక్క కట్టి మాకు రావాల్సిన నాలుగు వానలు కలిపితే చాలు, ర్యాంకు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.