కూలిన కోట కాపాడిన కొండ

కొండకు శత్రువెవరని అడిగితే తుఫాను, భూకంపం అంటూ చాలామంది పెద్ద పెద్ద పేర్లు చెబుతారు. నన్నడిగితే కొండకు అసలు శత్రువు దాని కడుపులో ఉన్న మంచి రాయి. కరీంనగర్ గుట్టల్నీ చీమకుర్తి గుంతల్నీ చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రాయికి పేరొచ్చిందంటే కొండకు మూడినట్టే. అలాంటి కొండ బతికి బట్టకట్టాలంటే దాని నెత్తిన ఓ కూలిన కోట ఉండాలన్నది నా వాదం. వేళాకోళం అనుకోకండి, సాక్ష్యం ఉంది. జర్మనీలో బాన్ నగరానికి కాస్త ఎగువన, రైన్ నది ఒడ్డున, కోనిగ్స్‌వింటర్ అనే ఊరి మీదికి వంగి చూస్తున్నట్టుండే డ్రాఖన్‌ఫెల్స్ కొండ ఆ సాక్షి. ఎత్తు 321 మీటర్లు, అంటే తిరుమల కొండలో సగం కూడా లేదు. అయినా కొండన్నది ఎరగని హాలండ్ జనం ఇక్కడికి ఎంతగా ఎగబడతారంటే, ఇది 'హాలండ్‌లోకెల్లా ఎత్తైన కొండ' అన్న ఎకసెక్కం స్థిరపడిపోయింది. ఈ కొండ ఉన్న వరసనంతా అక్కడివాళ్ళు ఏడుకొండలనే పిలుస్తారు. లెక్కపెడితే మాత్రం నలభై పైచిలుకే తేలతాయి. పోనీలెండి, కొండల లెక్కలో ఎక్కువ చెప్పినవాళ్ళనే గానీ తక్కువ చెప్పినవాళ్ళను ఎవరూ తప్పుపట్టరు.

ఈ కొండ రాయి పేరు ట్రాకైట్. విరిగిన ముక్కను దగ్గరగా చూస్తే బూడిదరంగు రాతిలో అక్కడక్కడా పలకల్లాంటి తెల్లటి స్ఫటికాలు, హల్వాలో కొబ్బరి పలుకుల్లా పొదిగి ఉంటాయి. రోమన్లు దీన్ని ఏనాడో కనిపెట్టి కొట్టుకుపోయారు. 1248లో నదికి దిగువనున్న కొలోన్‌లో మహా చర్చి కట్టడం మొదలయ్యాక ఈ కొండకు అసలు గిరాకీ వచ్చింది. రాయిని కొట్టి కిందికి దొర్లించి పడవకెక్కిస్తే చాలు, మిగతా పని ప్రవాహమే చూసుకుంటుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు కొండమీద కోట లేదా అంటే, నిక్షేపంలా ఉంది. 12వ శతాబ్దంలో కొలోన్ ఆర్చిబిషప్ ఆర్నోల్డ్ మొదలుపెట్టించిన కోట అది. అందులో కాపురమున్న దొరలు తమ కాళ్ళకింది కొండనే చర్చికి అమ్ముకుని దర్జాగా బతికారు. చివరికి 1634లో, ముప్పై ఏళ్ళ యుద్ధం నడుమ, ఆ కోటను పడగొట్టించిందీ కొలోన్ ఆర్చిబిషప్పే. కట్టించడం, కూల్చడం, కింది రాయి పట్టుకుపోవడం, మూడూ ఒకే గద్దె చలవ! ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: కోట నిలబడి ఉన్నన్నాళ్ళూ కొండను కాపాడాలన్న ఊహ ఏ దొరకూ రాలేదు. 19వ శతాబ్దంలో రాతి పనివాళ్ళు శిఖరం దాకా వచ్చేశారు, 1828లో మొండిగోడల్లో కొంత భాగం కూలింది. అప్పుడు గగ్గోలు పుట్టింది. తవ్వకం ఆపించి, 1836లో అక్కడి అప్పటి ఏలికైన ప్రష్యా ప్రభుత్వం ఆ శిఖరాన్నే కొనేసింది. తమాషా ఏమిటంటే, వందల ఏళ్ళు ఆగిపోయిన కొలోన్ చర్చి పనిని 1842లో మళ్ళీ మొదలుపెట్టించిందీ ప్రష్యా రాజే. 1880లో అది పూర్తయింది, ఈ శిఖరం జోలికి రాకుండానే.

కోట ముక్కలకెందుకయ్యా ఘనత, కొండను కాపాడింది కవులు కదా అంటారు. నిజమే, 1816లో ఇటు వచ్చిన ఇంగ్లీషు కవి బైరన్ ఈ కొండను కవిత్వంలోకి ఎక్కించాడు. ఆ తర్వాత ఇంగ్లీషు దొరలు బారులు తీరారు. కానీ ఆ కవుల కన్ను పడింది మొండిగోడలున్న కొండమీదే. ఇదే వరసలో ఉన్న స్టెన్‌జెల్‌బెర్గ్, వైల్‌బెర్గ్ కొండల్లో 20వ శతాబ్దంలో కూడా రాయి కొట్టారు. అవీ పచ్చటి కొండలే. లేనిదల్లా నెత్తిన శిథిలం.

పోనీ నిక్షేపమైన కోటే ఉంటే ఇంకా ఎక్కువమంది వస్తారుగా అని ఇంకొకరంటారు. ఆ ప్రయోగమూ జరిగింది. అదే కొండ నడుమ ఓ ధనవంతుడు 1882-84 మధ్య డ్రాఖన్‌బుర్గ్ అనే సరికొత్త 'పాత' కోట కట్టించి, అందులో ఒక్కరోజైనా కాపురం ఉండలేదు. చూడ్డానికి దివ్యంగా ఉంటుంది. అయితే బాగున్న కోటలో చూపంతా లోపలికి పోతుంది, కుర్చీలకూ అద్దాలకూ అతుక్కుంటుంది. కూలిన కోటలో లోపలంటూ ఏదీ లేదు. కిటికీకి తలుపు లేదు, గదికి కప్పు లేదు. ఎటు చూసినా కొండా నదే కనిపిస్తాయి. చూపును బయటికి తోలడమే అది చేసే పని.

గట్టి ఆక్షేపణ వేరే ఉంది: జనం వస్తే కొండ మిగులుతుందా? 1883లో పళ్ళచక్రాల రైలు వచ్చింది. 1976లో శిఖరం కింద ఓ కాంక్రీటు హోటలు లేచింది, సిమెంటు గోడౌనుకు కిటికీలు పెట్టినట్టు. ఒప్పుకుంటాను, పర్యాటకుడు పరమ పీడే. కానీ ఆ హోటల్ని 2011లో పడగొట్టి గాజుమందిరం పెట్టుకోగలిగారు. కొలోన్ వెళ్ళిన రాయిని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. ఇవాళ జారిపోకుండా అదే కొండను ఉక్కు కడ్డీలతో బిగించి పట్టుకుంటున్నారు. మన భువనగిరి సంగతే చూడండి. ఆ ఏకశిల మీద కోటే లేకపోతే అదెప్పుడో వంటింటి గట్లుగా మారి, దానిమీద ఎవరో ఉల్లిపాయలు తరుగుతూ ఉండేవారని నా గట్టి నమ్మకం.

మరి కోటలేని కొండల గతేమిటి? దీనికీ జర్మనీలో మార్గముంది. కాసెల్ ఊళ్ళో కొండవాలు మీద అక్కడి ప్రభువు 1793 నుంచి 1801 దాకా కష్టపడి, లోవెన్‌బుర్గ్ అనే కోటను కట్టేటప్పుడే సగం కూలినట్టు కట్టించాడు. అంత ఖర్చు మనవల్ల కాదంటారేమో. మనకా బెంగ అక్కర్లేదు. కొండమీద మామూలు అతిథిగృహానికి టెండరు పిలిస్తే చాలు, పదేళ్ళలో శిథిలం దానంతటదే చేతికొస్తుంది.