అద్దె చివర్న అడగండి

ఇల్లు వెతుక్కునేవాళ్లకు అందరూ చెప్పేది ఒకటే. ముందు అద్దె కనుక్కో, నాలుగు ఊళ్ల అద్దెలు పక్కపక్కన రాసుకో, తక్కువున్న చోటికి పో. నేను దీనికి అచ్చంగా ఎదురు చెబుతాను. అద్దె అన్నిటికన్నా చివర్న అడగండి. ముందే తెలిస్తే ఆ అంకె మనసులో తిష్ఠ వేస్తుంది, ఇంట్లో లోపాలు కంటికి ఆనవు. గుంటూరు నుంచి హైదరాబాదు, అక్కణ్నుంచి బెంగళూరు, మళ్లీ హైదరాబాదు. తొమ్మిది ఇళ్లు మారాక చెబుతున్న మాట ఇది.

ఇల్లు చూడ్డానికి మంచిరోజు చూసుకోకండి, చెడ్డరోజు చూసుకోండి. పై అంతస్తు వాటా అయితే మే నెలలో మధ్యాహ్నం మూడింటికి వెళ్లి పడకగదిలో అరగంట కూర్చోండి. కింది వాటా అయితే జోరువానలో వెళ్లండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటి చోట గోడ మీద మరక ఎంత ఎత్తున ఉందో చూడాలి. కొత్తగా రంగు వేసి ఉంటే పక్కింటి గోడ చూడండి.

లోపలికి వెళ్లగానే హాలు చూడకండి. సంపు మూత తీయమనండి. "నీళ్లకేం ఇబ్బంది లేదండీ, 24 గంటలూ వస్తాయి" అంటారు ఓనరు. ఎక్కడి నీళ్లని అడగండి. నల్లా నీళ్లా, బోరా, ట్యాంకరా? హైదరాబాదుకు కృష్ణ నీళ్లు వంద కిలోమీటర్ల పైచిలుకు పైపుల్లో రావాలి. బెంగళూరుకు కావేరి కూడా దాదాపు అంత దూరం నుంచే, అదీ ఎత్తుకు ఎక్కి రావాలి. ఆ పైపు చేరని వీధుల్లో బోరే దిక్కు. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయినప్పుడు జనం ట్యాంకర్ కోసం వంతులు కాశారు. అలాంటి వీధిలో అద్దె తక్కువే ఉంటుంది, అలా మిగిలిన డబ్బు ట్యాంకరు పట్టుకుపోతుంది. అందుకే ఊరు గురించి బ్రోకర్ని కాదు, ట్యాంకర్ డ్రైవర్ని అడగండి. ఏ వీధికి రోజూ వెళ్తాడో, ఏ వీధికి అసలు వెళ్లనక్కర్లేదో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అడ్వాన్సు సంగతికి వస్తే నా మాట మీకు మరీ విడ్డూరంగా ఉంటుంది. నెలకు 2 వేలు ఎక్కువైనా సరే, అడ్వాన్సు తక్కువున్న ఇల్లే తీసుకోండి. హైదరాబాదులో మామూలుగా రెండు మూడు నెలలది అడుగుతారు, బెంగళూరులో పది నెలలది అడగడం పాత అలవాటు. 20 వేల అద్దె అనుకోండి, ఇక్కడ 40 వేలు, అక్కడ 2 లక్షలు. తేడా 1,60,000. బ్యాంకులో 7 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 11,200 వస్తుంది, ఎక్కువ అద్దె రూపంలో మీరు కట్టేదేమో 24,000. లెక్క ప్రకారం నాది తప్పే. అయినా మార్చుకోను. మా డబ్బు ఇంకొకరి చేతిలో ఉండిపోవడం వల్ల నీళ్లు రాని ఇంట్లో పద్నాలుగు నెలలు ఉన్నాం. ఖాళీ చేసిన రోజు రంగుల ఖర్చని ఒక నెల అద్దె కోసుకుని మిగతాది ఇచ్చారు. ఆ గోడలకు మేం ఒక్క మేకు కొట్టలేదు.

చదరపు అడుగుల మాట పట్టించుకోకండి. మెట్లు, కారిడార్లు కలిపి చెప్పే అంకె అది. మంచం, బీరువా కొలతలు కాగితం మీద రాసుకుపోండి, చాలు.

ఇప్పుడున్న ఇంటికి జూలైలో, రాత్రి ఏడున్నరకి, వానలో వెళ్లాం. సంపు మూత తీయమంటే పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూశారు గానీ, గొడుగు మా ఆవిడకిచ్చి తానే టార్చి పట్టుకున్నారు. వీధి చివర నీళ్లు నిలిచాయి, గేటు దగ్గర లేవు. చెప్పులు వేసుకుంటూ అద్దె ఎంతని అడిగాను. పక్కవీధి కన్నా 2 వేలు ఎక్కువ చెప్పారు. అడ్వాన్సు ఒక్క నెలదే చాలన్నారు. ఆ రాత్రే ఇచ్చేశాం.