శిష్యులవారి సన్నిధికి

అమెరికాలో లా ప్రొఫెసర్ బతుకు ఏడాదికి రెండుసార్లు తలకిందులవుతుంది, ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. లా రివ్యూలనే న్యాయశాస్త్ర పత్రికలకు వ్యాసాలు పంపే అదను అది. డాక్టరు రాసిన వ్యాసాన్ని సాటి డాక్టర్లు చూస్తారు. లా ప్రొఫెసర్ రాసినదాన్ని మాత్రం చాలా పత్రికల్లో విద్యార్థులే ఎంపిక చేస్తారు. 1887లో హార్వర్డ్ లా రివ్యూ పుట్టిన నాటి నుంచీ నడుస్తున్న మర్యాద ఇది. రాజ్యాంగం మీద ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన పండితుడు, నిరుడే ఆ పుస్తకం కొన్న కుర్రాడికి "తమ పరిశీలనార్థం" అని రాసుకుని చేతులు కట్టుకోవాలి. ఆ కుర్రాడికి కిందటి సెమిస్టర్‌లో ఈయన ఏ గ్రేడు వేశాడో గుర్తు చేసుకునే సమయం కూడా అదే.

మిగతా శాస్త్రాల్లో ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపితే నేరం. ఇక్కడ పంపకపోతే అమాయకత్వం. వెబ్‌సైట్‌లో వంద పేర్ల పక్కన టిక్కులు పెట్టి, పత్రికకింత అని రుసుము కట్టి, బటన్ నొక్కితే సరి. తర్వాత నడిచేదంతా పెళ్లి సంబంధాల వ్యవహారం. ఏ ఎనభయ్యో ర్యాంకు కాలేజీ పత్రికో "మాకు నచ్చింది, వారంలో చెప్పండి" అంటుంది. ప్రొఫెసర్‌గారు వెంటనే సరేననరు. నలభయ్యో ర్యాంకు వాళ్లకు కబురంపుతారు: "పిల్లకు సంబంధం వచ్చిందండీ, మీకు ఇష్టమైతే కాస్త త్వరపడండి." అప్పటిదాకా పిల్ల ముఖమైనా చూడనివాళ్లు అప్పుడు కళ్లజోడు సవరించుకుంటారు. నలభై ఒప్పుకుంటే ఇరవైకి, ఇరవై ఒప్పుకుంటే పదికి. దీన్ని అక్కడ 'ఎక్స్‌పెడైట్' అంటారు. వ్యాసంలో ఒక్క కామా మారదు గానీ ధర మాత్రం పెరుగుతూ పోతుంది. మొదట చదివి మెచ్చిన ఎనభయ్యో పత్రిక పిల్లలకు మిగిలేది మర్యాదైన ఈమెయిల్ ఒకటి.

ఇక ఫుట్‌నోట్లు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని రాసినా కింద ఆధారం చూపాలి. ఆ ఆధారం ఎలా రాయాలో చెప్పే బ్లూబుక్ 1926లో 26 పేజీల పుస్తకం. 2010 నాటి 19వ కూర్పు ఐదు వందల పేజీలు దాటింది. దాన్ని కూర్చేదీ విద్యార్థులే. 1987లో ఆర్నాల్డ్ జేకబ్స్ అనే ఆయన సెక్యూరిటీల చట్టంలోని ఒకే ఒక్క సెక్షన్ మీద 4,824 ఫుట్‌నోట్లతో వ్యాసం అచ్చేయించారు. వాటిని సరిచూసిన పిల్లల తల్లిదండ్రులు ఫీజు దేనికి కట్టామనుకున్నారో!

ఈ దారిలో మాణిక్యాలూ దొరక్కపోలేదు. వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు 1890లో హార్వర్డ్ లా రివ్యూలో గోప్యత హక్కు మీద రాసింది 28 పేజీలే. 2017లో మన సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చినప్పుడు ఆ పాత వ్యాసాన్నీ తలుచుకుంది. కాకపోతే ఈనాటి లెక్కలో అంత చిన్న వ్యాసాన్ని చూస్తే సంపాదకుడు "మిగతాది ఎప్పుడు పంపుతారు?" అని అడుగుతాడేమో.

ఇంతా చేసి ఎవరు చదువుతారు? 2011లో అమెరికా ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఒక సభలో చురక వేశారు: ఏ లా రివ్యూ తెరిచినా పద్దెనిమిదో శతాబ్దపు బల్గేరియాలో సాక్ష్య విధానాల మీద తత్వవేత్త కాంట్ ప్రభావం లాంటివే ఉంటాయి, వాటితో న్యాయవాదులకు పనేముందని. ప్రొఫెసర్లు ఊరుకుంటారా? ఒరిన్ కెర్ 2015లో సరిగ్గా ఆ అంశం మీదే వ్యాసం రాసి అచ్చేయించారు. ఆయన తేల్చింది: ప్రభావం దాదాపు సున్నా. దానికీ ఫుట్‌నోట్లున్నాయి.

యేల్ ప్రొఫెసర్ ఫ్రెడ్ రోడెల్‌కు ఇదంతా ఎప్పుడో రోత పుట్టింది. లా రివ్యూల్లో శైలీ బాగుండదు, సరుకూ ఉండదని తిట్టి 1936లో వాటికి వీడ్కోలు చెబుతూ వ్యాసం రాశారు. అచ్చేసింది వర్జీనియా లా రివ్యూ. 26 ఏళ్ల తర్వాత, 1962లో, ఆ వీడ్కోలును మళ్లీ ఒకసారి నెమరేసుకుంటూ ఇంకో వ్యాసం రాశారు. అదీ వర్జీనియా లా రివ్యూలోనే.