ఎదురు డబ్బిచ్చి చదివిస్తారట, నమ్మకండి!

ఓరుగల్లులో చదువు గొప్పదా కాదా అని తేల్చడానికి కొలబద్ద ఒక్కటే: ఎంత కట్టారు? ఇంటర్‌కు లక్షలు పోశామంటే పిల్లవాడు చురుకైనవాడని అర్థం. అమెరికా ఎమ్మెస్ కోసం నలభై లక్షల లోను తీశామంటే ఆ ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు కూడా కాస్త మర్యాదగా నడుస్తారు. అలాంటి ఊళ్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన కుర్రాడొకడు ఇంటికొచ్చి, "జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అదే జేఆర్‌ఎఫ్ వచ్చింది, సముద్రం మీద పీహెచ్‌డీ చేస్త, వాళ్లే నాకు నెలకు 37 వేలు ఇస్తరట" అన్నాడనుకోండి. ఇంటిల్లిపాదీ కట్నం వద్దన్న పెళ్లికొడుకును చూసినట్టు చూస్తారు. ఏదో లోపం ఉండే ఉంటుంది!

విచారణ పెద్దబాపుతో మొదలవుతుంది.

"సముద్రమా? మన దగ్గర సముద్రం ఏడుందిరా? ఉన్న భద్రకాళి చెరువునే సక్కగ చూసుకోలేకపోతిమి."

"హైదరాబాద్‌ల ఉంటది పెద్దబాపూ."

"హైదరాబాద్‌కు సముద్రమెప్పుడొచ్చె?"

వచ్చి పాతికేళ్లు దాటింది. ఏ పార్టీ హామీ ఇవ్వకుండానే వచ్చింది కనుక ఎవరూ గమనించలేదు. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఉన్నది ప్రగతినగర్‌లో. మన చుట్టాలు ఫ్లాట్లు కొన్నారే, ఆ ప్రగతినగరే. 2004 డిసెంబర్ సునామీ తరువాత దేశానికి హెచ్చరిక కేంద్రం కావాలనుకున్నప్పుడు 2007లో దాన్ని పెట్టిందీ అక్కడే. హిందూ మహాసముద్రం అడుగున భూమి కదిలితే అల వస్తుందా రాదా అని లెక్క తీసేది ఆ భవనంలోనే. రేపు వలేస్తే చేప ఎక్కడ పడవచ్చో తీరంలోని మత్స్యకారులకు కబురు వెళ్లేదీ అక్కడినుంచే. అలల శబ్దం మాత్రం వినపడదు. ట్రాఫిక్ వినపడుతుంది.

తరువాత తల్లి వంతు. "నీళ్లల్లకు దిగాల్నా బిడ్డా?"

దిగే యంత్రం వేరే ఉందమ్మా. ఆర్గో ఫ్లోట్ అంటారు, నిలువుగా తేలే గొట్టంలా ఉంటుంది. వెయ్యి మీటర్ల లోతున తనంతట తాను కొట్టుకుపోతూ ఉంటుంది. పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, పైకి తేలుతూ దారిపొడుగునా నీటి వేడినీ ఉప్పునూ కొలుచుకుని, ఆ లెక్కలు ఉపగ్రహానికి అప్పజెప్పి మళ్లీ మునుగుతుంది. ఆ లెక్కల ముందు కుర్రాడు ఏసీ గదిలో పైథాన్ కోడ్ రాసుకుంటూ కూచుంటాడు. ఈ సంగతి విన్నాక తల్లి ముఖం విప్పారుతుంది. "అట్లనా, సాఫ్ట్‌వేరేనని ముందుగల్ల చెప్పొద్దా?" పెళ్లిసంబంధాల వాళ్లకు కూడా ఆ మాటే చెబుతారు.

లెక్క చూద్దాం. మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తరువాత మూడేళ్లు 42 వేలు. ఐదేళ్లకు అక్షరాలా 24 లక్షలు. ఇంటద్దె భత్యం అదనం. పెద్దబాపు కాగితం రెండువైపులా తిప్పి చూసి అడిగే ప్రశ్న ఒకటే: "షూరిటీ ఎవలు పెట్టాలె?"

ఇక్కడ ఒక చేదు నిజం. ఆ 37 వేలు నెలనెలా ఒకటో తారీఖున పడతాయని ఆయనకు చెప్పకండి. నెలల తరబడి రాక, ఒకేసారి బకాయిల రూపంలో పడ్డ ఫెలోషిప్‌ల కథలు దేశంలో ఏ స్కాలర్‌నడిగినా చెబుతారు. ఆర్గో పది రోజులకు తేలుతుంది. ఫెలోషిప్ ఎప్పుడు తేలుతుందో అంచనా వేసే మోడల్ మాత్రం ఇంతవరకూ ఎవరూ తయారుచేయలేదు. పైగా జేఆర్‌ఎఫ్ దాకా రావాలంటే ముందు ఎమ్మెస్సీ గట్టెక్కాలి. ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ దక్కినవాడికి ఏడాదికి 80 వేలు. గేట్ రాసి ఎంటెక్‌కు పోతే నెలకు 12,400. మిగతావాళ్లకు నాన్న జేబు.

ఇంత చెప్పినా ఇంట్లో ఒకరు ఉండనే ఉంటారు: "సముద్రం సైన్సు చదివితే అమెరికాలనే చదవాలె." 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త శాన్ డియాగో వదిలి, సముద్రాలు దాటి విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ చదువుకు పునాది వేశాడు. తూర్పు తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో దొరికిన లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. అమెరికా మనింటికి నడిచొస్తే, మనం అది వచ్చిన దారినే వెనక్కి పోవడానికి లోను తీస్తున్నాం. వరంగల్ స్టేషన్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ వస్తుంది. కానీ అంత చౌక టికెట్టుతో చదువుకు పోతే ఊళ్లో ఏం పరువు?

మనవాళ్లకు సముద్రం కొత్తా అంటే అదీ కాదు. ఈ ఓరుగల్లు కోటలో కూచుని సముద్రాన్ని ఏలినవాడు కాకతీయ రాజు గణపతిదేవుడు. 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివానకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా లాగేసుకోవడం అంతకుముందు రాజుల అలవాటు. తాను ఆ పని చేయననీ, నిర్ణీత సుంకం తప్ప మరేమీ ముట్టననీ వర్తకులకు మాటిచ్చాడు. ఇప్పుడు హన్మకొండలో కన్సల్టెన్సీలవాళ్లు గణపతిదేవుడి ముందటి పద్ధతిని పునరుద్ధరించారు. వీసా తిరస్కరించారా? ఓడ మునిగింది. సర్వీసు చార్జీ తిరిగి రాదు.

కాబట్టి తల్లిదండ్రులకు మనవి. ఆ జేఆర్‌ఎఫ్ ఇచ్చే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష ఏడాదికి రెండు విడతలు పెడతారు. అందులోని ఐదు సబ్జెక్టుల్లో ఒకటి భూమి, వాతావరణం, సముద్రాలు, గ్రహాల శాస్త్రం. ఇంట్లో ఎమ్మెస్సీ చదివిన బిడ్డ ఉంటే ఓసారి ఆ సిలబస్ తిరగేయమనండి. పరీక్ష ఫీజు మాత్రం మీరే కట్టాలి. ఏదో ఒకటి కట్టకపోతే తోచనివాళ్లకు ఆ సౌకర్యమైతే ఉంది.